పాత బండి, ఇంటి పానా, సెక్షన్ 52: కేంద్ర రోడ్డు రవాణా మంత్రికి బహిరంగ లేఖ



పదిహేనేళ్లు దాటిన మోటార్ సైకిళ్ల మీద ఇప్పటికీ దూర ప్రయాణాలు చేసేవాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నారు. పోత ఇనుప ఇంజన్ బుల్లెట్లు, 2002లో వచ్చిన థండర్‌బర్డ్‌లు, 2003 నాటి కరిజ్మాలు శ్రీశైలం దారిలోనూ అరకు ఘాట్‌లోనూ ఈ రోజుకీ కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి షోరూముతో సంబంధం తెగిపోయి ఏళ్లయింది. సెలవు రోజున ఇంటి ముందు డబుల్ స్టాండ్ వేసి, చైను కడిగి, టాపెట్లు సరిచూసి, కేబుళ్లకు నూనె పోసే యజమాని ఉండబట్టే ఇవి నడుస్తున్నాయి. ఆ యజమానుల పక్షాన మీకు ఒక విన్నపం చేయడానికే ఈ లేఖ. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52కు 2019లో మీ ప్రభుత్వమే ఒక నిబంధన చేర్చింది. వాహనాల్లో చేసే మార్పులకు ప్రమాణాలు, ఆమోద షరతులు నిర్దేశించే అధికారాన్ని అది కేంద్రానికి ఇచ్చింది. ఆ ప్రమాణాల ప్రకారం మార్పు చేస్తే కంపెనీ వారంటీ కూడా రద్దు కాదని అందులోనే రాశారు. పాత టూరింగ్ బైకుల భద్రతను పెంచే మార్పుల కోసం ఆ అధికారాన్ని వాడండి. ఆ మార్పులను, వాటికి ముందు జరగాల్సిన మామూలు మెయింటెనెన్సును ఇంట్లో సరిగ్గా చేసుకోవడానికి కావలసిన సమాచారం, విడిభాగాలు యజమానికి అందేలా చూడండి. నా వాదన ఇంతే. దీన్ని ఎందుకు అంత గట్టిగా నమ్ముతున్నానో వివరంగా చెప్పనివ్వండి.

రోడ్డు మీద బండి ప్రమాదకరం అవుతుందా లేదా అన్నది తయారైన సంవత్సరాన్ని బట్టి తేలదు. తేల్చే భాగాలు కొన్నే, అవన్నీ అరిగేవి, మారేవి. బ్రేకు ఆయిల్‌నే తీసుకోండి. వెనక ఒక మనిషి, రెండు పక్కలా సామాన్ల సంచులు ఉన్న బండిని ఘాట్ దిగుతూ మలుపు మలుపుకూ ఆపుతుంటే, ముందు డిస్కు వేడి ప్యాడ్ల గుండా కాలిపర్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి పాకుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. అయితే గాలిలోని తేమను పీల్చుకోవడం ఆ ఆయిల్ స్వభావం. తేమ పట్టాక అదే ఆయిల్ మరిగే హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. డాట్ 3 అయితే కొత్తది 205, తేమ పట్టింది 140. ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే లీవరు హ్యాండిల్‌కు ఆనుకునేదాకా నొక్కినా బండి ఆగదు. హ్యాండిల్ మీద ఉండే చిన్న గాజు కన్నులోంచి చూస్తే ఈ కథంతా రంగులో తెలిసిపోతుంది. కొత్త ఆయిల్ లేత పసుపుగా తేటగా ఉంటుంది, ఏళ్ల తరబడి మార్చనిది కాఫీ డికాక్షన్‌లా నల్లబడి ఉంటుంది. దాన్ని మార్చడానికి కావలసినవి ఒక కొత్త డబ్బా ఆయిల్, బ్లీడర్ స్క్రూకు సరిపోయే పానా, ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం, ఖాళీ సీసా. కాస్త ఓపిక. రెండేళ్లకోసారి ఈ పని చేసిన ఇరవై ఏళ్ల బండి, కొన్న నాటి నుంచి ఒక్కసారీ ఆయిల్ మార్చని ఆరేళ్ల బండి కంటే అరకు ఘాట్‌లో నమ్మదగింది. మన రికార్డుల్లో మాత్రం మొదటిదే అనుమానాస్పదం, రెండోది పచ్చగా ఉంటుంది.

టైర్ల సంగతీ ఇంతే. దూర ప్రయాణాలకు మాత్రమే బయటికి తీసే పాత బండికి ఏడాదికి తిరిగే కిలోమీటర్లు తక్కువ. అందువల్ల గాడి లోతు నిండుగా కనిపిస్తుంది, రబ్బరు మాత్రం ఎండకు, కాలానికి గట్టిపడిపోయి ఉంటుంది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 3216 అని ఉంటే 2016లో 32వ వారంలో తయారైందని అర్థం. గోడ మీది సన్నని పగుళ్లను, ఈ అంకెలను కలిపి చూస్తే టైరు ఉండాలో తీసేయాలో తెలిసిపోతుంది. చూడటం తెలిసినవాడికి ఒక్క నిమిషం పని. చైను ఎంత వదులుండాలో బండి మాన్యువల్‌లోనో స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కరులోనో ఉంటుంది. ఎక్కువగా బిగిస్తే గేర్‌బాక్స్ బేరింగ్ పోతుంది, వదిలేస్తే స్ప్రాకెట్ పళ్లు వంగి, ఏదో ఒకనాడు చైను ఊడి చక్రం పట్టేస్తుంది. హ్యాండిల్ కింది కోన్ సెట్ అరిగితే వేగంలో ముందు చక్రం ఊగుతుంది. ముందు టైరు నేలకు ఆనకుండా బండిని లేపి, హ్యాండిల్‌ను నెమ్మదిగా రెండు పక్కలకూ తిప్పితే మధ్యలో చిన్న గుంటలో పడి ఆగినట్టు చేతికి తెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద వర్క్‌షాపు పని కాదు. క్రమం తప్పకుండా, శ్రద్ధగా చూసే మనిషి ఉండాలి, అంతే. ఎవరి ప్రాణం ఆ బండి మీద ఉందో వాళ్లకున్నంత శ్రద్ధ ఇంకెవరికి ఉంటుంది?

మామూలు మెయింటెనెన్స్ దాటి మార్పుల దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. పాత టూరింగ్ బైకుల్లో అందరూ ఒప్పుకునే లోపాలు రెండు: వెలుతురు చాలదు, బ్రేకు చాలదు. వెలుతురు సంగతి ముందు చూద్దాం. బ్యాటరీ నుంచి హెడ్‌లైటు వెలిగే పాత బళ్లలో కరెంటు సన్నని తీగల గుండా హ్యాండిల్ మీది స్విచ్చి దాకా వెళ్లి, మళ్లీ బల్బు దాకా రావాలి. అరవై వాట్ల బల్బుకు పన్నెండు వోల్టుల దగ్గర అయిదు ఆంపియర్లు కావాలి. ఇరవై ఏళ్ల స్విచ్చి కాంటాక్టులు, తుప్పు పట్టిన కనెక్టర్లు దాటుకొచ్చేసరికి వోల్టేజిలో పది శాతం పోవడం పెద్ద విషయం కాదు. అయితే బల్బు వెలుతురు వోల్టేజితో సమానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. పది శాతం వోల్టేజి పోతే దాదాపు ముప్పై శాతం వెలుతురు పోతుంది. బ్యాటరీ దగ్గర నుంచి ఫ్యూజుతో మందపాటి తీగ లాగి, మధ్యలో ఒక రిలే పెడితే, అదే బల్బు, అదే అద్దం, అదే వాటేజితో నల్లమల రాత్రిలో దారి స్పష్టంగా కనిపిస్తుంది. ఎదురుగా వచ్చేవాడి కళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. హాలోజన్ కోసం చేసిన అద్దంలో చవక ఎల్ఈడీ బల్బు దూర్చే పని దీనికి పూర్తిగా వేరు. వెలుగు పుట్టే చోటు మారిపోవడంతో కాంతి చెదిరి, ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్ముతాయి. మొదటి మార్పు ఇద్దరికీ రక్ష, రెండోది ఎదుటివాడికి ముప్పు. రోడ్డు పక్కన ఆపిన అధికారికి ఈ రెంటి మధ్య గీత చూపించే కాగితం ఈ రోజు మన దగ్గర లేదు.

బ్రేకు విషయంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆ తరం బుల్లెట్లలో చాలావాటికి ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. పొడవాటి ఘాట్‌లో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి, షూల పట్టు తగ్గి, బ్రేకు పలకడం మానేస్తుంది. అదే కంపెనీ అదే కుటుంబానికి చెందిన తర్వాతి మోడళ్లకు ముందు డిస్కు ఇచ్చింది. ఆ ఫోర్కు, హబ్బు, కాలిపర్, మాస్టర్ సిలిండర్ కంపెనీ భాగాలుగానే దొరికినప్పుడు పాత బండికి బిగించుకోవడం ఏ లెక్కన చూసినా భద్రతను పెంచే పని. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త మోటార్ సైకిల్‌కూ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఎందుకు? మంచి బ్రేకు ప్రాణాలు కాపాడుతుందని ప్రభుత్వం నమ్మింది కాబట్టి. ఆ నమ్మకం కొత్త బండి కొనగలిగినవాడికే పరిమితం కాకూడదు. పాత బండి యజమాని ఏబీఎస్ అడగడం లేదు, తన డబ్బుతో తన బండికి ఒక డిస్కు వేసుకుంటే నేరస్థుడు కాకుండా ఉండే వీలు అడుగుతున్నాడు.

నేరం అన్న మాట అతిగా వాడటం లేదు. సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని ప్రతి మార్పుకూ అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మరోపక్క సెక్షన్ 52 కిందనే ఒక వివరణ ఉంది. వాహనం మౌలిక లక్షణాన్ని మార్చేలా దాని నిర్మాణంలో చేసిన మార్పే ఇక్కడ మార్పు కిందకు వస్తుందని అది చెబుతుంది. మౌలిక లక్షణం అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు. రిలే పెట్టడం మౌలిక లక్షణాన్ని మారుస్తుందా? రబ్బరు గొట్టం బదులు స్టీలు అల్లిక ఉన్న బ్రేకు గొట్టం వేస్తే? ముందు డిస్కు వేస్తే? సామాన్ల కోసం ఇనుప స్టాండు బిగిస్తే? జవాబు జిల్లాను బట్టి, రోజును బట్టి, ఎదురైన అధికారిని బట్టి మారే పరిస్థితి పౌరుడికీ మంచిది కాదు, అధికారికీ మంచిది కాదు. మీ శాఖ తలచుకుంటే ఇలాంటి ప్రశ్నకు అంకెల్లో జవాబివ్వగలదని 2020లోనే నిరూపించింది. మోటార్ సైకిల్ మీద పెట్టే తేలికపాటి పెట్టె 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు మించకూడదని అప్పుడు నిర్దేశించారు. ఆ మూడు అంకెలు ఉండబట్టి పెట్టె గురించి వాదన లేదు. బ్రేకు, వెలుతురు, సస్పెన్షన్, సామాను స్టాండు, క్రాష్ గార్డు విషయాల్లోనూ ఆ పనే చేయమంటున్నాను.

ఇథనాల్ ఈ వాదనను ఇంకా బలపరుస్తుంది. దేశమంతటా బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ ఇంధనాన్ని తట్టుకునే పదార్థాలతో బళ్లు తయారవడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. అంతకు పదిహేనేళ్ల ముందు తయారైన బండిలో పెట్రోలు గొట్టాలు, కార్బురేటర్ రబ్బరు రింగులు, ట్యాంకు లోపలి రేకు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ తేమను పట్టుకుంటుంది, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది, నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు అడుగున తుప్పు పుట్టిస్తుంది. పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన ఒక పాలుకు పద్నాలుగున్నర పాళ్లకు పైగా గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది చాలు. కొత్త బండిలో కంప్యూటరు ఈ తేడాను సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు అలా సర్దుకునే తెలివి లేదు. గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అయిన మిశ్రమంతో ఇంజన్ వేడెక్కుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఊపు తగ్గుతుంది. పాతకాలపు ఇంధనానికి తయారైన ద్విచక్ర వాహనాల్లో మైలేజి మూడు నాలుగు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అది చవకైన పని అని, మామూలు సర్వీసింగ్‌లో అయిపోతుందని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ప్రకటించింది. ఆ మాట నిజమే. కానీ ఏ బండికి ఏ గొట్టం? ఏ కొలత రింగు? ఏ నంబరు జెట్టు? పెద్ద జెట్టు వేస్తే అది చట్టం దృష్టిలో మరమ్మతా, మార్పా? దేశ ప్రయోజనం కోసం ఇంధనాన్ని మార్చినప్పుడు, ఆ మార్పుకు తగ్గట్టు బండిని సరిచేసుకునే పని యజమాని మీద పడింది. ఆ పనికి కావలసిన సమాచారం ఇప్పించే బాధ్యత ప్రభుత్వం మీద ఉంది.

దీనికి ఎదురుచెప్పేవాళ్ల మాటలో బలం ఉంది. ఇంట్లో పానా పట్టుకున్న ప్రతివాడూ మెకానిక్ కాడని, తప్పుగా బిగించిన ఒక్క కాలిపర్ బోల్టు రెండు ప్రాణాలు తీస్తుందని అంటారు. ఒప్పుకుంటాను. ఛాసిస్‌కు వెల్డింగ్, క్రాంకు పని, వంగిన ఫోర్కు పైపు సరిచేయడం ఇంటి పనులు కావని నా అభిప్రాయం. వాటిని ఆమోదం పొందిన వర్క్‌షాపుకే పరిమితం చేస్తే సంతోషమే. కానీ ఈ భయం అసలు దేన్ని చూపిస్తోంది? ఆ బోల్టును ఎన్ని న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలో కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ మాన్యువల్‌ను సాధారణంగా యజమానికి అమ్మరు, ఊళ్లో మెకానిక్ షెడ్డుకు ఇవ్వరు. దాంతో యజమాని అంచనాతో బిగిస్తాడు, షెడ్డులో కుర్రాడు చేతి అలవాటుతో బిగిస్తాడు. సమాచారాన్ని దాచిపెట్టి, సమాచారం లేకుండా పనిచేస్తున్నాడని యజమానిని నిందించడం న్యాయం కాదు. ఇంటి పనిని ఆపేస్తే ఈ బళ్లన్నీ షోరూముకు వెళ్తాయనుకోవడం కూడా పొరపాటే. ఆ మోడల్ విప్పిన అనుభవం ఉన్న మనిషి చాలా షోరూముల్లో ఇప్పుడు లేడు. బండి వెళ్లేది ఇంకా తక్కువ వసతి ఉన్న చోటికి, లేదా ఎవరూ చూడకుండానే రోడ్డు మీదికి.

కంపెనీల వాదన వేరు. ఆపేసిన మోడళ్లకు విడిభాగాలు చేస్తూ కూర్చోలేమని, మాన్యువల్ తమ సొంత ఆస్తి అని అంటాయి. కార్ల విషయంలో ఇదే వాదన మన దేశంలో ఒకసారి విచారణకు వచ్చింది. విడిభాగాలు, పరీక్ష పరికరాలు స్వతంత్ర మెకానిక్‌లకు దొరకకుండా చేశాయంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో పద్నాలుగు కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసి, వాటిని బహిరంగ మార్కెట్‌లో అందుబాటులో ఉంచమంది. జరిమానా మీద అప్పీళ్లు నడిచాయి, కానీ కమిషన్ ఎత్తిన ప్రశ్న అలాగే నిలిచి ఉంది. ఐరోపా సమాఖ్య తన 2013 నాటి 168వ నిబంధనలో మోటార్ సైకిళ్ల మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్‌లకు ఇవ్వాలని ప్రత్యేకంగా రాసుకుంది. అక్కడ అమ్మే మన కంపెనీలూ దానికి లోబడే అమ్ముతున్నాయి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ యంత్రాలతో పాటు ఆటోమొబైల్ రంగాన్ని కూడా చేర్చింది. ఆ దారిలో ఒక అడుగు మీ శాఖ వేస్తే చాలు. అమ్మకం ఆపేసిన మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌ను ఉచితంగా అందరికీ ఇవ్వడం వల్ల ఏ కంపెనీ వ్యాపార రహస్యమూ బయటపడదు. భాగాల విషయంలో నేను అడిగేది ఇంకా చిన్నది. బ్రేకు, స్టీరింగు, చక్రాలకు సంబంధించినవి మాత్రం, రిజిస్ట్రేషన్ చెల్లే పదిహేనేళ్లు, ఆపైన కనీసం ఒక అయిదేళ్ల రెన్యువల్ పూర్తయ్యేదాకా తయారుచేయాలి. ఆ తర్వాత కొలతలు, పదార్థం వివరాలు ప్రకటించి వేరే తయారీదారులకు దారి ఇవ్వాలి. లేకపోతే విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అసలుదీ నకిలీదీ పక్కపక్కనే వేలాడుతుంటే కొనేవాడికి తేడా తెలుసుకునే దారి ఉండదు. భాగస్వాములిద్దరూ విడిపోయి హీరో హోండా అన్న పేరే మార్కెట్‌లోంచి వెళ్లిపోయిన తర్వాత కూడా ఆ పేరున్న కరిజ్మాలు రోడ్డు మీద ఉన్నాయి. కంపెనీ పేరు మారినా ఆ బండి నడిపేవాడి ప్రాణానికి విలువ తగ్గదు.

కాలుష్యం గురించి సూటిగానే మాట్లాడాలి. కార్బురేటర్ ఉన్న పాత బండి, 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 బండితో సమానం కాలేదు, ఎంత సర్వీసు చేసినా కాలేదు. అలా అవుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. అయితే 2000 తర్వాత తయారైన ఫోర్ స్ట్రోక్ ద్విచక్ర వాహనానికి కాలుష్య పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్ 4,500 పీపీఎం అన్న హద్దులు ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి, ప్లగ్గు కాలిపోయి, ఐడిల్ మిశ్రమం చిక్కబడ్డ బండి ఆ హద్దు దాటుతుంది. వీటిని సరిచేసిన అదే బండి హద్దులోకి వస్తుంది. అంటే ఇంటి మెయింటెనెన్స్ కాలుష్యానికి మందు, కారణం కాదు. ఒక్క చోట మాత్రం ఇంటి పని వల్ల నిజంగా హాని జరుగుతోంది. తీసేసిన ఇంజన్ ఆయిల్ ఎక్కువగా కాలువలోకో ఖాళీ స్థలంలోకో పోతోంది. వాడిన ఆయిల్ బాధ్యతను 2024 ఏప్రిల్ నుంచి ఉత్పత్తిదారుల మీద పెట్టే నిబంధనలు వచ్చాయి. కానీ లీటరు, రెండు లీటర్ల ఆయిల్‌ను సీసాలో పట్టుకున్న మామూలు మనిషి ఎక్కడికి వెళ్లాలి? ఆయిల్ అమ్మే ప్రతి బంకులోనూ వాడిన ఆయిల్ తీసుకునే డ్రమ్ము పెట్టించమని పెట్రోలియం, పర్యావరణ శాఖలను మీరు కోరితే ఈ అభ్యంతరం చాలావరకు తీరిపోతుంది.

ఇక సైలెన్సర్లు. మార్పులకు దారి తెరిస్తే వీధుల్లో చప్పుడు చేసేవాళ్లకు ఊతం దొరుకుతుందన్న భయం అధికారుల్లో ఉంది. మన నగరాల్లో పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు పత్రికల్లో చూశాం. అది సరైన పనే, ఆసుపత్రి పక్కనా బడి పక్కనా ఆ మోతకు క్షమాపణ ఉండకూడదు. అయితే స్పష్టమైన జాబితా ఉంటే పోలీసు పని సులువవుతుంది. జాబితాలో ఉన్నది, ఆమోదించిన ప్రమాణానికి సరిపోయేది వదిలేస్తాడు, లేనిదాన్ని పట్టుకుంటాడు. ఇప్పుడు బ్రేకు గొట్టం మార్చినవాడూ సైలెన్సర్ కోసినవాడూ ఒకే సెక్షన్ నీడలో నిలబడి ఉన్నారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని మీ శాఖ నివేదికే చెప్పింది. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. మొత్తం మరణాల్లో 71.2 శాతానికి అతి వేగమే కారణంగా నమోదైంది. ఆ వేగాన్ని అదుపు చేయాల్సిన బ్రేకును మెరుగుపరిచేవాడిని, చప్పుడు పెంచుకునేవాడిని చట్టం వేరుచేసి చూడకపోతే ఆ అంకెలు తగ్గడానికి అది ఏ సాయమూ చేయలేదు.

వయసు ఒక్కటే కొలమానమైతే ఏమవుతుందో దిల్లీ చూపించింది. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లకు 2025 జులై 1 నుంచి బంకుల్లో పెట్రోలు పోయవద్దని చెప్పి, కొద్ది రోజులకే ఆ ఆజ్ఞను నిలిపివేయాల్సి వచ్చింది. 2021లో ప్రకటించిన వాహన తుక్కు విధానం వయసుతో పాటు ఫిట్‌నెస్ పరీక్షను కూడా ప్రమాణంగా పెట్టుకుంది. అది మంచి ఆలోచన. కాబట్టి పరీక్షను నిజమైన పరీక్ష చేయండి. మోటార్ సైకిల్ రెన్యువల్ రుసుము 2022లో మూడు వందల నుంచి వెయ్యి అయింది, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో రెండు వేలు చేశారు. ఆ డబ్బు కట్టడానికి పాత బండి యజమాని వెనకాడడు. కట్టినందుకు బ్రేకు ఇన్‌స్పెక్టర్ తన బండిని నిజంగా చూడాలని మాత్రం కోరుకుంటాడు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు సరిపోయాయా అన్నదానితో పరీక్ష ఆగకూడదు. టైరు తయారీ తేదీ, బ్రేకు ఆయిల్ స్థితి, స్టీరింగు బేరింగు, స్వింగ్ ఆర్మ్ బుష్షు, హెడ్‌లైటు దిశ, చక్రం ఊగుతోందా లేదా అన్నవి రాసే ఒక పేజీ ఫారం ఉండాలి. యజమాని ఇంట్లో చేసిన పనులు తేదీలతో, కొన్న భాగాల బిల్లులతో రాసుకున్న పుస్తకం తెస్తే దాన్ని కూడా చూడాలి. తప్పిన బండికి ఏది సరిచేయాలో రాసిచ్చి గడువు ఇవ్వాలి. గడువులోగా సరిచేయనిదాన్ని తుక్కుకు పంపండి, అభ్యంతరం లేదు.

మీ శాఖే 2021లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో నిలిచిన బళ్లకు గుర్తింపు, ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చింది. అలాంటి బళ్లను రోజువారీ ప్రయాణానికి వాడకూడదని కూడా రాసింది. పదిహేనేళ్లకూ యాభై ఏళ్లకూ మధ్య ఉన్న బళ్లు మాత్రం రోజూ రోడ్డు మీద తిరిగేవి, మనుషుల్ని మోసేవి. వాటి గురించి రుసుము, ఫిట్‌నెస్ పరీక్ష తప్ప వేరే మాట మన నిబంధనల్లో పెద్దగా లేదు. ఆ ఖాళీని నింపమని కోరుతున్నాను. సెక్షన్ 52 కింద భద్రతను పెంచే మార్పుల జాబితాను, ఒక్కోదానికి పాటించాల్సిన ప్రమాణంతో సహా ముసాయిదాగా ప్రకటించండి. దాన్ని ఇంగ్లిషు, హిందీలతో పాటు తెలుగులోనూ, మిగతా భారతీయ భాషల్లోనూ పెట్టండి. పానా పట్టే చేతుల్లో చాలా చేతులు ఆ భాషల్లోనే చదువుతాయి. అభిప్రాయాలకు గడువు ఇవ్వండి, మెకానిక్‌లను, యజమానులను పిలిచి వినండి. ఈ పనికి కొత్త చట్టం అవసరం లేదు, పార్లమెంటు మళ్లీ ఓటు వేయాల్సిన అవసరం లేదు. అధికారం 2019 నుంచి మీ శాఖ దగ్గరే ఉంది. వచ్చే వానాకాలం ఘాట్ రోడ్లు తడిసేలోగా ముసాయిదా బయటికి రావాలని కోరుతూ,

ఇట్లు,
పాత టూరింగ్ మోటార్ సైకిల్ యజమానుల్లో ఒకరు